పానగల్ రాజావారి శాసనసభా జీవితము

మన సంఘ వార్షిక మహాసభల సందర్భమున వెలువడు సంచికలయందు పూర్వపురుషుల ప్రశంస యుండుట ఆచారము. ఆ ప్రశంస తఱచుగా బిరుదముల పట్టికగను, దానముల జాబితాగను పరిణమించుచుండుట పాఠకులెఱిగినదే. లోకమునకు పానగల్ రాజాగా పరిచితులైన పానుగంటి రామరాయణింగారు సైతము అట్టి పట్టికలో నొక పంక్తిగా మిగిలిపోవుచున్నారు. మన పెద్దలలో ననేకులు సంస్థానములను పాలించిరి, సత్రములు కట్టించిరి, కవుల నాదరించిరి. కాని ఒక రాష్ట్రపు శాసనసభలో మొదటి మంత్రిగా నైదేండ్లకు పైగా కూర్చుండి, చట్టములు చేసి, ప్రతిపక్షముచే నిందింపబడి, వోట్లలో గెలిచి, వోట్లలో నోడి, ఓడిన పిదపను సభను విడువక నిలిచినవారు అరుదు. కావున ఆయన వంశచరిత్రమును విడిచి, శాసనసభలో నాయన చేసిన పనిని మాత్రమే యీ వ్యాసమున విచారింప సంకల్పించితిని. పొగడ్తకు తగినచోట పొగడెదను, ప్రశ్నింపవలసినచోట ప్రశ్నించెదను. ఆ మహనీయుడు సభలో ప్రశ్నలకు వెఱచినవాడు కాడు గనుక, ఇందువలన ఆయన కీర్తికి కొఱత గలుగదని నా నమ్మకము.

ఆయన 1866వ సంవత్సరము జూలై 9వ తేదీన కాళహస్తిలో జన్మించెను. 2022వఱకు కాళహస్తి యనిన చిత్తూరు జిల్లాయే స్ఫురించెడిది గాని, 1911వఱకు అట్టి జిల్లాయే లేదు. అది ఉత్తరార్కాటు జిల్లాలోని భాగము. అరవమును తెలుగును కలిసిన ఆ సీమలో పెరుగుటచేత ఆయనకు రెండు జాతుల మనస్సును తెలియుట కవకాశము కలిగెను. చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతము ప్రధానముగా పట్టము పుచ్చుకొని, పిమ్మట ఎం. ఏ. పరీక్షయందును కృతార్థుడయ్యెను. జమీందారీ కుటుంబమున పుట్టినవారు ఆ కాలమున కచేరీ వ్యవహారమునకు చాలునంత ఇంగ్లీషు నేర్చి చదువు చాలించుట వాడుక. వ్యాకరణమును దర్శనములను పట్టుదలతో నభ్యసించినవారు స్వల్పము. సంస్కృతము బోధించి బ్రదికిన నాకు ఈ విషయమున కొంత పక్షపాత మున్నదని ఒప్పుకొనక తప్పదు. అయినను ఆయన శాసనసభా జీవితములో నత్యంత కఠినమైన ఘట్టమున ఈ చదువే ఆయనకు చేతికత్తి యైనదని ముందు చూడగలరు.

జిల్లాబోర్డు వ్యవహారములతో నారంభమైన ఆయన ప్రజాజీవితము 1912లో భారత శాసనసభకు సాగెను. దక్షిణదేశపు భూస్వాముల ప్రతినిధిగా 1915వఱకు ఆ సభయందుండెను. ఆ 1915లోనే విశాఖపట్టణమున జరిగిన మూడవ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించెను. బాపట్లలో 1913లో ఆరంభమై, మరుసటియేట బెజవాడలో సమావేశమైన ఆ మహాసభ, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలయునను కోరికకు తొలి వేదిక. ఆంధ్రోద్యమ చరిత్ర వ్రాయువారు కాంగ్రెసు నాయకుల పేర్లు లెక్కించి పానగల్ రాజావారిని మఱచుట కద్దు. మఱుసటియేడు బ్రాహ్మణేతర సంఘమున చేరినంతమాత్రమున ఆయన ఆంధ్రాభిమానము మాసిపోలేదు.

ఆ సంఘము సంగతి సంక్షేపముగా చెప్పెదను. 1916 నవంబరులో పిట్టి త్యాగరాయ సెట్టిగారును, డాక్టరు టి. ఎం. నాయరుగారును మున్నగువారు చెన్నపట్టణమున దక్షిణ హిందూదేశ ఉదారసంఘమును స్థాపించిరి. వారి ఇంగ్లీషు పత్రిక పేరు ‘జస్టిస్’ యగుటచేత కక్షకే జస్టిస్ పార్టీ యను పేరు నిలిచెను. తెలుగున ‘ఆంధ్రప్రకాశిక’ వారి పక్షమున నుండెడిది. ప్రభుత్వోద్యోగములలోను, విశ్వవిద్యాలయమునందును ఒక్క వర్ణమువారే నిండియుండుట అన్యాయమనునది వారి ప్రధానమైన ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో సత్యమెంతయో ఆనాటి ఉద్యోగుల పట్టికలను చూచిన వారెల్లరకు తెలియును, వాదింపనక్కఱలేదు.

1919వ సంవత్సరపు సంస్కరణ చట్టముచే రాష్ట్రములయందు ద్వంద్వ ప్రభుత్వ మేర్పడెను. ఈ పదము నేటి యువకులకు కొత్తగా వినబడును గనుక కొంచెము వివరింతును. ప్రభుత్వ శాఖలను రెండు పాళ్లు చేసిరి. పోలీసు, న్యాయము, భూమిశిస్తు, ఆర్థికము మొదలగునవి గవర్నరుగారును ఆయన కార్యనిర్వాహక సభ్యులును తమచేత నుంచుకొనిరి. స్థానిక స్వపరిపాలనము, విద్య, వైద్యము, వ్యవసాయము, పరిశ్రమలు, దేవాదాయములు మొదలగునవి ప్రజాప్రతినిధులైన మంత్రుల కప్పగించిరి. అనగా బడి కట్టవలయునన్నచో మంత్రి కట్టవలయును. అందుకు కావలసిన పైకము తాళపుచెవి మాత్రము మఱియొకరి మొలలో నుండును. ఇట్టి యేర్పాటులో ఏ మంత్రియైనను ఏమి సాధించెనని అడుగుటకు ముందు, ఏమి సాధించుట కాతనికి వీలుండెనని అడుగుట న్యాయము.

1920 నవంబరులో ఎన్నికలు జరిగినవి. కాంగ్రెసువారు సహాయనిరాకరణము పాటించి సభలను బహిష్కరించిరి. వోటుహక్కు గలవారిలో నూటికి పాతికమంది మాత్రమే వోటిచ్చిరి. ఎన్నుకోబడిన 98 స్థానములలో 63 జస్టిస్ పార్టీకి దక్కెను. ఈ గెలుపు కాంగ్రెసు ఎదుట లేకుండుటవలన కలిగినదని విరోధులు ఆనాడనిరి, నేటికిని అనుచున్నారు. ఆ మాట నిజమే. త్యాగరాయ సెట్టిగారు మంత్రిపదవి వలదనిరి. కడలూరు సుబ్బరాయలు రెడ్డియారుగారు మొదటి మంత్రిగను, రామరాయణింగారు స్థానిక స్వపరిపాలన మంత్రిగను, కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు మూడవ మంత్రిగను 1920 డిసెంబరులో నియమింపబడిరి. 1921 జనవరి 12వ తేదీన కన్నాటు ప్రభువు నూతన సభను ప్రారంభించెను. రెడ్డియారుగారు అనారోగ్యముచే కొలది నెలలకే తొలగగా, 1921 జూలై 11వ తేదీన పానగల్ రాజావారు మొదటి మంత్రి యైరి. ఆయన స్థానిక స్వపరిపాలన శాఖను తనచేతనే నుంచుకొనెను. విద్యాశాఖ గంజాము మండలమునకు చెందిన ఎ. పి. పాత్రోగారికి చేరెను.

మంత్రులు మువ్వురును తెలుగువారేయని అరవవారు కినుక వహించిరి. అందు కొంత న్యాయము లేకపోలేదు. 1923లో రెండవ మంత్రివర్గ మేర్పడినపుడు వెంకటరెడ్డినాయుడుగారికి బదులుగా శివజ్ఞానము పిళ్లగారిని తీసికొనుట ఆ కినుకకు సమాధానమే. కాని నాయుడుగారివంటి సమర్థుని వదలుకొనుట రాజావారికి సులభమైన నిర్ణయము కాదు.

ఇక స్థానిక స్వపరిపాలనము. జిల్లాబోర్డులకును తాలూకాబోర్డులకును మునిసిపాలిటీలకును కొందఱు సభ్యులను, పెక్కుచోట్ల అధ్యక్షులను నియమించు అధికారము మంత్రిదై యుండెను. శాసనసభ్యులలో ననేకులకు తమ ఊళ్ల బోర్డులమీదనే ఆశ. కావున ఈ శాఖయే కక్షకు వెన్నెముక యయ్యెను. పానగల్ రాజావారి బలము వక్తృత్వములో కంటె ఈ నియామకములలోనే యుండెనని చరిత్రకారులు వ్రాసిరి. దీనిని కప్పిపుచ్చుట నాకిష్టము లేదు. నియామకాధికారము చేతనున్న మంత్రి దానిని కక్షకై వినియోగింపకుండుట ఆ కాలమున గాని, ఈ కాలమున గాని అరుదుగా చూచితిమి. అయితే దాని ఫలముగా నిచ్చట నొక విశేషము జరిగినది. అంతవఱకు కలెక్టరుకచేరి చావడిలో నిలుచుండి వినతిపత్రము లిచ్చిన కాపులు, కమ్మవారు, వెలమలు, బలిజలు, వర్తకులు బోర్డు బల్లయెదుట కుర్చీలలో కూర్చుండుట నేర్చిరి. దారి వేయుట, నుయ్యి త్రవ్వుట, బడికి గురువును వేయుట మున్నగు పనుల లెక్కలు చూచిరి. పిమ్మటి కాలమున శాసనసభలలో ప్రవేశించిన పల్లెటూరి పెద్దలు పెక్కురకు ఈ బోర్డులే ఓనమాలు దిద్దించినవి.

ఆయన మంత్రిత్వములో మకుటాయమానమైనది దేవాదాయముల శాసనము. దీనినిగూర్చి కొంత విస్తరించి వ్రాయుటకు పాఠకులు క్షమింతురుగాక.

కుంపిణీవారు 1817వ సంవత్సరపు ఏడవ రెగ్యులేషనుచే దేవాలయముల మాన్యములపై రెవిన్యూబోర్డునకు విచారణాధికార మొసగిరి. క్రైస్తవ ప్రభుత్వము హిందువుల గుళ్లను నిర్వహించుట యేమని సీమలో మిషనరీలు గోల చేయగా, 1840 తరువాత ఆ బాధ్యతను క్రమముగా వదలుకొనిరి. 1863లో నొక చట్టము చేసి స్థానిక సంఘముల కప్పగించి చేతులు కడిగికొనిరి. ఆ సంఘములలో సభ్యత్వము యావజ్జీవము. లెక్క అడుగువాడు లేడు. ధర్మకర్తలమీద ఫిర్యాదున్నచో సివిలుకోర్టులో వ్యాజ్యము వేయవలయును. అది తండ్రి వేసినచో కొడుకు కాలమునకు తీరునది. దేవుని మాన్యములు కౌలుదారులపాలై, ఉత్సవములు ఉడిగిపోయి, నైవేద్యము నామమాత్రమై, అర్చకులు పస్తులున్న గుళ్లు రాష్ట్రమున వేలకొలది యుండెను. ఈ దుస్థితిని చక్కబెట్టవలెనని అర్ధశతాబ్దముగా పలువురు బిల్లులు తెచ్చిరి. మతవిషయమున జోక్యము చేసికొనమను నెపముతో ప్రభుత్వమువా రన్నిటిని త్రోసివైచిరి.

1922లో పానగల్ రాజావారు తమ బిల్లును సభయందు ప్రవేశపెట్టిరి. దాని సారమిది: రాష్ట్రమున కంతటికిని ఒక దేవాదాయ బోర్డు ఏర్పడవలెను, దాని క్రింద స్థానిక సంఘములుండవలెను, దేవాలయములును మఠములును తమ లెక్కలను తనిఖీకి పెట్టవలెను, ఆదాయములో కొంతపాలు బోర్డు వ్యయమున కీయవలెను, పూజాపురస్కారములకు చాలి మిగిలిన ధనమును ధర్మసమ్మతములైన ఇతర కార్యములకు వినియోగించుట కవకాశ ముండవలెను.

రాష్ట్రము మూలమూలల గగ్గోలు పుట్టెను. మఠాధిపతులు కదలిరి. సనాతన సభలు తీర్మానములు చేసెను. 1923లో సభకు వచ్చిన సత్యమూర్తిగారు తన వాగ్ధాటి నంతటిని ఈ బిల్లుమీద ప్రయోగించెను. బ్రాహ్మణద్వేషులైన మంత్రులు దేవుని సొమ్మును కాజేయ జూచుచున్నారని కొందఱనిరి. దేవాలయధనమును ప్రభుత్వము తాకుట హిందూధర్మమునకే విరుద్ధమని మఱికొందఱు వాదించిరి. ఈ రెండవ వాదమునకు బదులు చెప్పుటకు ధర్మశాస్త్ర మెఱిగినవాడు కావలయును. వాదమును ఇంగ్లీషు న్యాయసూత్రములతో మాత్రమే ఎదుర్కొన్నచో, పరదేశి మాటయని సామాన్యుడు తలయూపక పోవును. సంస్కృతమున పట్టము పుచ్చుకొన్న మంత్రి ఆ స్థానమున నుండుట ఈ దేశము చేసికొన్న పుణ్యము. ఇది బ్రాహ్మణులకును బ్రాహ్మణేతరులకును నడుమ వచ్చిన తగవు కాదనియు, దేవస్వమును కాపాడుట రాజధర్మములలో నొకటియనియు నిరూపించుటకు ఆయనకు ఒకరి సహాయము అక్కఱలేకపోయెను.

ఇచ్చట నొక ప్రసక్తానుప్రసక్తి. ఆ బిల్లునకు పండ్రెండు పదుమూడేండ్లకు పూర్వము, 1909లో, మైసూరున శామశాస్త్రిగారు కౌటిలీయ అర్థశాస్త్రమును తొలిసారి అచ్చువేయించిరి. అందు దేవతాధ్యక్షుడను రాజోద్యోగి యొకడు కానవచ్చును. కావున పూర్వపు హిందూరాజ్యములలో దేవాలయములకు ప్రభుత్వముతో సంబంధమే లేదనుట చెల్లదు. కాని ఆ గ్రంథము పూర్తిగా చదివినవారికి మఱియొక సంగతియు తెలియును. బొక్కసము వట్టిపోయినపుడు గుళ్ల ధనమును రాజునకు చేర్చు నుపాయములు సైతము ఆ అధ్యక్షుని పనియే. అనగా దేవస్వరక్షణమున కేర్పడిన హస్తమే దేవస్వాపహరణమునకును చాలియున్నదని కౌటిల్యు డెఱుగును. పానగల్ రాజావారిని ఎదిరించినవారి భయము కేవలము స్వార్థమూలమని కొట్టివేయుటకు నా మనస్సొప్పకుండుట ఇందువలననే. వారిలో స్వార్థపరులు పెక్కు రుండిరి. నిజముగా భయపడినవారును కొంద ఱుండిరి.

సభ 1923లో ఆమోదించినను బిల్లు వెంటనే చట్టము కాలేదు. విల్లింగ్డను ప్రభువు సవరణములు కోరి తిప్పి పంపెను. ఎన్నికలు జరిగి కొత్త సభ వచ్చెను. మరల చర్చలు, మరల వోట్లు. చివరకు 1925వ సంవత్సరపు మొదటి చట్టముగా నది వెలువడెను. ఉన్నతన్యాయస్థానపు న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతిగైకొన్న సర్ టి. సదాశివయ్యరుగారు బోర్డునకు ప్రథమాధ్యక్షులుగా నియమింపబడిరి. బ్రాహ్మణద్వేషులని పేరుపడిన మంత్రివర్గ మొక శ్రోత్రియ బ్రాహ్మణుని ఆ పీఠమున కూర్చుండబెట్టినదని ఆ నింద వేసినవారిలో నెందఱు గమనించిరో! చట్టముయొక్క సాధుత్వమును కొందఱు న్యాయస్థానములలో ప్రశ్నింపగా, సందేహనివృత్తికై 1927లో దానిని రెండవ చట్టముగా మరల చేసిరి. అప్పటికి పానగల్ రాజావారు మంత్రి కారు. పదవి పోయినను చట్టము నిలిచెను. తరువాతి 1951వ సంవత్సరపు మదరాసు దేవాదాయ చట్టమును, మన రాష్ట్రపు 1966, 1987 సంవత్సరముల చట్టములును ఆ పునాదిమీద లేచినవే. తిరుమల దేవస్థానము 1843 మొదలుగా హాథీరాంజీ మఠము మహంతుల చేతిలో నుండి, 1932వ సంవత్సరపు ప్రత్యేక చట్టముచే 1933లో ధర్మకర్తల సంఘము క్రిందికి వచ్చుటయు ఆ మార్గముననే జరిగినది.

వైద్యవిషయమున నాయన చేసిన మేలు ఈ కాలమువారికి తెలియదు. దేశీయ వైద్యములను విచారించుటకు మహమ్మదు ఉస్మాను సాహెబుగారి యాధిపత్యమున 1921లో నొక సంఘము నియమింపబడెను. ఆయుర్వేద, సిద్ధ, యూనానీ పద్ధతులు నిలుపదగినవేనని ఆ సంఘము 1923లో నివేదించెను. దాని కార్యదర్శి కెప్టెను శ్రీనివాసమూర్తిగారు ఇంగ్లీషువైద్యమున నిష్ణాతుడై ఆయుర్వేదమును తఱచి చూచినవారు. పిదప చెన్నపట్టణమున కీల్పాక్కమునందు దేశీయ వైద్యపాఠశాల స్థాపితమై, ఆయనయే దానికి ప్రధానాధ్యాపకుడయ్యెను. చరక సుశ్రుతులను ప్రభుత్వ పాఠశాలలో పాఠ్యములుగా పెట్టించిన మంత్రి సంస్కృతవిరోధి యెట్లగునో ఆ నింద వేయువారే చెప్పవలెను. 1960లో ఆ స్థలముననే ఆధునిక వైద్యకళాశాల యేర్పడినది.

మఱికొన్ని పనులను పేర్కొని సాగెదను. 1921లో స్త్రీలకు శాసనసభ వోటుహక్కు నిచ్చుటకు మదరాసు సభ తీర్మానించినది; హిందూదేశపు రాష్ట్రములలో నిదియే మొదటిది. పరిశ్రమలకు ప్రభుత్వసహాయ మిచ్చు చట్టము 1922లో సభ దాటెను. 1923లో మదరాసు విశ్వవిద్యాలయమును పునర్నిర్మించు చట్టము వచ్చెను. చెన్నపట్టణమున పెద్దచెఱువు ఎండగట్టించి త్యాగరాయనగరము కట్టుట కారంభమైనదియు ఆయన కాలముననే. దాని నడుమనున్న ఉద్యానమునకు పానగల్ పార్కని పేరు పెట్టిరి. నేడు అచ్చట బట్టల అంగళ్లకై త్రొక్కిసలాడు జనమునకు ఆ పేరు తెలుగువానిదని తెలియదు.

ఇక అవిశ్వాస తీర్మానము సంగతి. 1923 చివర జరిగిన రెండవ ఎన్నికలలో జస్టిస్ పార్టీ బలము 44 స్థానములకు తగ్గెను. గవర్నరుగారు మరల పానగల్ రాజావారినే పిలిచిరి. నవంబరు 27వ తేదీన, మంత్రివర్గముపై తమకు విశ్వాసము లేదను తీర్మానమును ప్రతిపక్షమువారు సభయందు ప్రవేశపెట్టిరి. దానికి నాయకత్వము వహించినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ‘ముసలమ్మ మరణము’ను ‘కవిత్వతత్త్వ విచారము’ను వ్రాసిన ఆ రెడ్డిగారే. ఆయన మొదట జస్టిస్ పార్టీలోనివాడే, చిత్తూరు సీమవాడే. రాజావారును ఆయనయు ఒక్క గాలి పీల్చి పెరిగినవారు. ఒకరు సంస్కృత పండితులు, ఇంకొకరు కేంబ్రిడ్జిలో చదివిన విమర్శకులు. కక్షలో పదవులు కొందఱికే దక్కుచున్నవనియు, పార్టీకి నిర్మాణాత్మకమైన కార్యక్రమము లేదనియు రెడ్డిగారి ఆక్షేపణ. ఇట్టి సంవాదము హిందూదేశపు రాష్ట్రసభలలో అంతకుముందు జరిగి యెఱుగము. మఱునాడు వోట్లు తీసినపుడు ప్రభుత్వపక్షమున 65 వోట్లు వచ్చినవి. ఇరువదికి పైగా వోట్ల తేడాతో తీర్మానము వీగిపోయినది.

గెలిచిరి. కాని ఎవరి వోట్లతో? ప్రభుత్వముచే నియమింపబడిన సభ్యులు మంత్రులకు అండగా నిలువకున్నచో ఆ అంతరము మిగుల తగ్గి యుండెడిది. ప్రజలెన్నుకొనినవారి బలముతో నిలువవలసిన మంత్రి నియుక్తుల నీడలో నిలుచుట ద్వంద్వ ప్రభుత్వపు లోపమే గాని, ఆ లోపమువలన ఆనాడు లాభించినది పానగల్ రాజావారికని గ్రహింపవలెను. ఈ వాదము తరువాత మఱియొక మలుపు తిరిగినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టము వచ్చెను. ఆ చట్టమును తెచ్చినది పానగల్ మంత్రివర్గము. బిల్లును నడపినది పాత్రోగారు. బెజవాడలో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులుగా వచ్చిన వారెవరు? అవిశ్వాసమునకు నాయకత్వము వహించిన రామలింగారెడ్డిగారే! 1930లో విశ్వవిద్యాలయము వాల్తేరునకు మాఱినది. తనను దింపజూచినవాడు తన కాలమున పుట్టిన విద్యాపీఠమున కధిపతి యగుట చూచి పానగల్ రాజావారు అడ్డుపడలేదు. ఈనాటి రాజకీయములను చూచువారికి ఇది పురాణగాథవలె తోచును.

ఇంతవఱకు చెప్పినది మన సంఘమువారు సంతోషముతో చదువదగినది. ఇక చెప్పబోవునది అంత సుఖముగా చదువదగినది కాదు.

1921 సెప్టెంబరు 16వ తేదీని వెలువడిన 613వ నంబరు ప్రభుత్వోత్తరువు, ఉద్యోగముల నియామకములో బ్రాహ్మణేతరులకును ముసల్మానులకును క్రైస్తవులకును ఆదిద్రావిడాది వర్గములకును పాలుండవలెనని విధించెను. 1922లో మఱియొక యుత్తరువు దానిని విస్తరించెను. ఇవి చరిత్రలో కమ్యూనలు జీ. వో. లని ప్రసిద్ధము. కాగితముమీద నున్నంత వేగముగా కచేరీలలో అవి నడువలేదు. సంపూర్ణముగా అమలయినది 1928లో ముత్తయ్య ముదలియారుగారు మంత్రిగా నున్నపుడు. అప్పటి లెక్క ప్రకారము పండ్రెండు కొలువులలో అయిదు బ్రాహ్మణేతర హిందువులకు, బ్రాహ్మణులకు రెండు, ముసల్మానులకు రెండు, క్రైస్తవులకును ఆంగ్లో ఇండియనులకును రెండు, అణగద్రొక్కబడిన వర్గములకు ఒకటి.

ఆ చివరి ఒకటిని చూడుడు. కక్ష స్థాపితమైననాడు ఆదిద్రావిడులును ఆదిఆంధ్రులును తమ పక్షముననే యున్నారని నాయకులు చెప్పుకొనిరి. ఎం. సి. రాజాగారు ఆ వర్గమునుండి శాసనసభకు వచ్చిన ప్రథమ సభ్యుడు. అవమానకరములైన పాత పేర్లను తొలగించి ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర శబ్దములను సర్కారు దస్త్రములలో వాడవలెనని ఆయన పెట్టిన తీర్మానము 1922లో అమలయ్యెను. ఇది ఆ సభ చేసిన మంచిపనులలో నొకటి. కాని 1921లో చెన్నపట్టణమున బకింగుహాము కర్ణాటక మిల్లుల సమ్మె నెలల తరబడి జరిగినపుడు, సమ్మెలో చేరక పనికి పోయిన ఆదిద్రావిడులకును, సమ్మె చేసిన సవర్ణులకును ముసల్మానులకును పుళియంతోపు పేటలో ఘర్షణలు జరిగినవి. ఇండ్లు కాలినవి, కాల్పులు జరిగినవి. అప్పుడు జస్టిస్ నాయకులు ఎవరి పక్షమున మాటలాడిరి? ప్రభుత్వము ఆదిద్రావిడులను మితిమీఱి లాలించుటవలననే ఈ అల్లరి కలిగినదని త్యాగరాయ సెట్టిగారు మున్నగువా రనిరి. పోలీసుశాఖ మంత్రుల చేతిలో లేదు, నిజమే. కాని నోరు వారి చేతిలోనే యుండెను గదా! 1923లో రాజాగారు కక్షను విడిచిరి. తరువాత ఆ వర్గము జస్టిస్ పార్టీని తనదిగా తలచిన కాలము రాలేదు.

ఈ విషయము మన సంచికలలో ఎన్నడును వ్రాయబడలేదని నే నెఱుగుదును. పానగల్ రాజావారు చదువులోను పదవులలోను మన పాలును అడిగి తెచ్చిరి. అందుకై వారికి చేతులెత్తి మ్రొక్కుదము. మన క్రిందనున్నవారు తమ పాలడిగినపుడు ఆ కక్ష యేమనినదో కూడ ఆయన చరిత్రలోని భాగమే. రెండును ఒక్క యేటనే, ఆయన మొదటి మంత్రియైన ఆ 1921లోనే జరిగినవి.

1926 చివర జరిగిన ఎన్నికలలో స్వరాజ్యపార్టీకి 41 స్థానములు రాగా, జస్టిస్ పార్టీకి 21 మాత్రమే దక్కెను. డిసెంబరులో పానగల్ రాజావారు పదవినుండి దిగిరి. స్వరాజ్యపార్టీవారు మంత్రిపదవులు స్వీకరింపమని ప్రతిజ్ఞ చేసియుండుటచేత, ఏ కక్షకును చెందని డాక్టరు సుబ్బరాయనుగారు మొదటి మంత్రి యయ్యెను. అప్పటి సభలోనే డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు సభ్యురాలై ఉపాధ్యక్షపదవి నలంకరించిరి. అరువదేండ్లు దాటినవాడు, రాజా బిరుదము గలవాడు, ఆస్తి యున్నవాడు ఓటమి పిదప ఇంటికి పోయి భాగవతము చదువుకొనవచ్చును. ఆయన అట్లు చేయలేదు. ప్రతిపక్షమున ముందువరుసలో కూర్చుండి, బడ్జెటు చర్చలలో ప్రశ్నలు వేయుచు నుండెను. సైమను సంఘము విషయమై 1928లో మంత్రు లిద్దఱు రాజీనామా యొసగినపుడు, సుబ్బరాయనుగారు నిలిచినది పానగల్ రాజావారి కక్ష యిచ్చిన ఊతముతోనే. ఆ సర్దుబాటువలననే ముత్తయ్య ముదలియారుగారు మంత్రియై, పైన చెప్పిన ఉత్తరువును నడిపింపగలిగెను. కావున 1921లో వెలువడిన ఉత్తరువు 1928లో ఫలించుటకును ఈయనయే కారణము. ఈ పర్యాయము మంత్రిగా కాదు, ప్రతిపక్ష సభ్యుడుగా.

ఆ 1928 డిసెంబరు 16వ తేదీన ఆయన చెన్నపట్టణమున కాలధర్మము నొందెను. కక్ష నాయకత్వము మునుస్వామినాయుడుగారికి సంక్రమించెను. 1930 ఎన్నికలలో కక్ష మరల గెలువగా ఆయన మొదటి మంత్రియయ్యెను. రెండేండ్లకు బొబ్బిలి రాజావారు ఆ స్థానమునకు వచ్చిరి. 1937లో కాంగ్రెసు ప్రభంజనమున ఆ కక్ష కూలిపోయెను. కమ్యూనలు ఉత్తరువు మాత్రము ఇంకను చాలకాలము నిలిచి, 1951లో చంపకం దొరైరాజను వ్యాజ్యమున సుప్రీముకోర్టుచే కొట్టివేయబడెను. ఆ యేటనే పార్లమెంటు రాజ్యాంగమును మొదటిసారి సవరించి, వెనుకబడిన వర్గములకు ప్రత్యేకముగా ఏర్పాటులు చేయు అధికారమును రాష్ట్రముల కిచ్చెను.